మనస్తత్వశాస్త్రపు తొలి ఆచార్యుల పాత ఫోటో: గుర్తుపట్టడం నుంచి పెట్టెలో దాచేదాకా

పాత పుస్తకాల కొట్లోనో, కాలేజీ సామాన్ల గదిలోనో, ఆన్‌లైన్ వేలంలోనో ఒక ఫోటో దొరుకుతుంది. మందపాటి అట్ట, గడ్డం పెంచిన పెద్దమనిషి, వెనక పెన్సిలుతో "ప్రొఫెసర్ జేమ్స్, సైకాలజీ" అన్న రాత. ఆ రాత నిజమేనా? ఏ ఏడాది తీశారు? అసలు ఇది ఫోటోయేనా, పత్రికలోంచి కత్తిరించిన బొమ్మా? ఈ మూడింటికీ జవాబు ముఖంలో దొరికేది తక్కువ. అట్టలో, అంచుల్లో, కాగితం పొరల్లో, వెనక పక్కన దొరికేదే ఎక్కువ. ముఖం వరకు స్కాన్ చేసి అంచులు కత్తిరించి దాచుకున్నవాళ్లు సగం సాక్ష్యాన్ని తమ చేతులతోనే పారేసినట్టు.

ఇక్కడ చెప్పే పద్ధతి 1880–1920 మధ్య తీసిన ఫోటోల కోసం. విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్జిగ్‌లో ప్రయోగశాల పెట్టింది 1879లో. విలియం జేమ్స్ హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్ అన్న హోదా పొందింది 1889లో. ఎడ్వర్డ్ టిచెనర్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వచ్చింది 1892లో. ఆ దశాబ్దాల్లోనే ఫోటో కాగితం కూడా పూర్తిగా మారిపోయింది: కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం వెనకబడి, జెలటిన్ కాగితం ముందుకొచ్చింది. అందువల్ల ఈ ఆచార్యుల విషయంలో కాగితమే సగం పంచాంగం.

1. ముట్టుకునే ముందు

బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరవండి, ఫ్యాను ఆపండి. పెచ్చు లేచిన పొర ఉంటే ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. నూలు తొడుగులు వద్దు, పట్టు జారుతుంది, చిరిగిన అంచుకు పోగు తగులుకుని పొర ఊడివస్తుంది. ఫోటోను మూల పట్టుకుని ఎత్తకూడదు. 1890ల అట్టలు చాలావరకు కలప గుజ్జుతో చేసినవి. లోపలి ఆమ్లం వాటిని వందేళ్లుగా తినేస్తూ ఉండడంతో అప్పడంలా పెళుసెక్కి ఉంటాయి. కింద గట్టి అట్ట దూర్చి, దానితో కలిపి ఎత్తండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి: 10 రెట్లు, 30 రెట్లు పెద్దవి చేసే భూతద్దాలు, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు, చిన్న టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, గాలి బల్బు, మెత్తని మేక వెంట్రుకల బ్రష్షు, 2బి పెన్సిలు. పెన్ను ఆ బల్ల దరిదాపుల్లో కూడా ఉండకూడదు.

దుమ్ము ఉంటే ముందు గాలి బల్బు, తర్వాత బ్రష్షు, మధ్య నుంచి అంచులకు. పొర లేచిన చోట బ్రష్షు కూడా వద్దు. నీళ్లు, స్పిరిట్, రబ్బరు, బ్రెడ్డు ముక్క లాంటివి బొమ్మ మీద వాడితే నష్టమే. అట్ట నుంచి ఫోటోను ఊడదీసే ఆలోచన అసలే పెట్టుకోవద్దు. ఆ అట్ట మీది స్టూడియో పేరే రేపు మీకు తేదీ చెప్పేది.

ఫ్రేములో ఉండి అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి. జెలటిన్ తేమకు మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే ముఖం అద్దంతో వెళ్లిపోతుంది. అద్దంతో సహా కెమెరాతో నకలు తీసుకుని, అతుకు విడదీసే పనిని ఫోటో పరిరక్షణ నేర్చినవారికి అప్పగించండి.

2. కొలతలు

అట్ట కొలత వేరు, దాని మీద అతికించిన ఫోటో కాగితం కొలత వేరు. రెండూ మిల్లీమీటర్లలో రాసుకోండి, అట్ట మందం కూడా. సుమారు 64 × 100 మి.మీ. ఉంటే అది కార్ట్ డి విజిట్, 1854లో పారిస్‌లో డిస్‌డేరి పేటెంటు తీసుకున్న చిన్న సైజు. సుమారు 108 × 165 మి.మీ. ఉంటే కేబినెట్ కార్డు. ఇది 1860ల రెండో సగంలో వచ్చి, 1870 నుంచి 1900 దాకా రాజ్యమేలింది. తొలి తరం సైకాలజీ ప్రొఫెసర్ల స్టూడియో చిత్రాలు ఎక్కువగా ఈ సైజువే. 1900 దాటాక బూడిద రంగు, గోధుమ రంగు మడత అట్టల్లో పెట్టిన పెద్ద ఫోటోలు పెరిగాయి.

అట్ట తీరు కూడా కాలాన్ని సూచిస్తుంది. పలచగా, మూలలు చదరంగా ఉంటే పాతది. మందంగా, ఏటవాలుగా కోసిన అంచుకు బంగారు పూత ఉండి, ముదురు మెరూన్ లేదా నలుపు రంగైతే 1880ల వైపు. అంచులు అలలు అలలుగా కోసి ఉంటే 1890ల వైపు. అయితే ఊళ్లోని చిన్న స్టూడియో పాత అట్టల కట్ట అయిపోయేదాకా వాడుకునేది, కాబట్టి అట్ట ఒక్కదాన్ని పట్టుకుని పదేళ్ల కంటే దగ్గరగా తేదీ చెప్పడం తప్పు.

3. భూతద్దం కింద

అన్నిటికన్నా విలువైన పది నిమిషాలు ఇవే. మొదట చూడాల్సింది చుక్కలు. 10 రెట్ల అద్దంలో బొమ్మ వరుసగా పేర్చిన చిన్న చుక్కలుగా విడిపోతే అది హాఫ్‌టోన్ అచ్చు, పుస్తకంలోంచో పత్రికలోంచో తీసింది. జేమ్స్ మెకీన్ కాటెల్ వంటి ఆచార్యులే శాస్త్ర పత్రికలకు సంపాదకులుగా ఉన్న రోజులవి, తోటి శాస్త్రవేత్తల చిత్రాలు పత్రికల్లో విరివిగా అచ్చయ్యాయి. వాటిని కత్తిరించి అట్టకు అతికించి "అసలు ఫోటో" అని అమ్ముతారు.

చుక్కలు లేకపోయినా తొందరపడకండి. ఫోటోగ్రేవ్యూర్ అనే అచ్చు పద్ధతిలో వరుస చుక్కలు ఉండవు, సిరా గరుకుగా, పొడి చల్లినట్టు కనిపిస్తుంది. రాగి పలక నొక్కిన గుర్తు చుట్టూ పల్లంగా ఉండొచ్చు. చికాగోలోని ఓపెన్ కోర్ట్ ప్రచురణ సంస్థ 1890ల చివర తత్వవేత్తల, మనస్తత్వవేత్తల చిత్రాలను ఒక వరుసగా ఈ పద్ధతిలోనే అచ్చువేసి అమ్మింది. వుంట్, ఫెక్నర్, స్టాన్లీ హాల్ అందులో ఉన్నారు. పెద్ద కాగితం మీద చుట్టూ వెడల్పు తెల్ల అంచుతో ఉన్న వుంట్ చిత్రం చేతికొస్తే, స్టూడియో ఫోటో అనుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. అది కూడా దాచదగ్గదే. కాకపోతే రికార్డులో "ఫోటో" అని రాయకూడదు.

అచ్చు కాదని తేలాక 30 రెట్ల అద్దంతో కాగితం నారలు కనిపిస్తున్నాయా చూడండి. వెలుతురు పక్క నుంచి రావాలి, బొమ్మలో లేత భాగం, అంటే కాలరో తెల్లటి వెనక తెరో, చూడాలి.

నారలు స్పష్టంగా, పైన ఏ పూతా లేకుండా కనిపించి, నలుపు తటస్థంగా ఉంటే ప్లాటినం ప్రింటు. విలియం విల్లిస్ 1873లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. వెండి లేదు గనుక బొమ్మ వెలవదు. ఎదురుగా ఆనుకుని ఉన్న కాగితం మీద మాత్రం లేత గోధుమ రంగు నీడబొమ్మ ముద్రపడి ఉంటుంది. ఆ నీడ కనిపిస్తే దాదాపు సందేహం లేనట్టే.

నారలు సన్నని మెరిసే పొర కింద నుంచి కనిపిస్తూ, తెలుపు పసుపెక్కి, నీడలు గోధుమ ఊదాగా మారి, పొరలో సన్నని నెర్రెలు ఉంటే ఆల్బుమెన్, అంటే గుడ్డు తెల్లసొన కాగితం. 1850ల నుంచి 1890ల మధ్య దాకా ఇదే ప్రధానం.

నారలు అసలు కనిపించకపోతే, కాగితానికీ బొమ్మకూ మధ్య బరైటా అనే తెల్లటి పూత ఉన్నట్టు. ఎండలో అచ్చుదేరిన ఎరుపు గోధుమ రంగైతే కొలోడియన్ లేదా జెలటిన్ ప్రింటింగ్ అవుట్ కాగితం, 1880ల మధ్య నుంచి 1920 దాకా. నలుపు చల్లగా ఉండి, ముదురు చోట్ల, అంచుల దగ్గర వంచి చూస్తే నీలి వెండి మెరుపు కనిపిస్తే, చీకటి గదిలో రసాయనంతో తేల్చిన జెలటిన్ కాగితం. 1890ల నుంచి పెరిగి, 20వ శతాబ్దంలో దాదాపు అంతా ఇదే. ఆ వెండి మెరుపు మురికి అనుకుని తుడవకండి. పొరలోని వెండే పైకి తేలింది, తుడిస్తే బొమ్మే పోతుంది.

నీటి చుక్క వేసి జెలటిన్ ఉబ్బుతుందా చూడమని కొన్ని పాత పుస్తకాలు చెబుతాయి. చేయకండి. ఆ మచ్చ శాశ్వతం.

చివరగా గది చీకటి చేసి, అతినీలలోహిత టార్చి వేయండి, కంటికి రక్షణ అద్దాలు పెట్టుకునే. కాగితం తెల్లటి నీలంగా ప్రకాశిస్తే అందులో కాంతివర్ధక రసాయనం ఉంది, అది ఫోటో కాగితాల్లోకి వచ్చింది 1950ల నుంచి. 1910లో మరణించిన జేమ్స్ ఫోటో అలా మెరిస్తే, అది తర్వాతెప్పుడో తీసిన నకలు. వేలంలో కొనబోయేవాళ్లు అమ్మేవారిని ఈ ఒక్క పరీక్ష చేయించమని అడిగితే చాలా డబ్బు మిగులుతుంది.

4. వెనక పక్క

వెనక ఉన్న ప్రతి గీతనూ ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అక్షర దోషాలు దిద్దొద్దు, సంక్షిప్తాలు విడదీయొద్దు, ఏది పెన్సిలో ఏది సిరాయో పక్కన రాయండి. చెరిగిపోయిన పెన్సిలు రాతను చదవాలంటే టార్చిని బల్లకు దాదాపు ఆనించి ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టండి, నొక్కిన గీతలు నీడలుగా తేలుతాయి. రాతలన్నీ ఒకే చేతివి కాకపోవచ్చు. పేరు మనవరాలు రాసి ఉండొచ్చు, అంకె పాత వస్తువుల వ్యాపారి వేసుకున్న ధర కావచ్చు.

స్టూడియో ముద్ర మంచి సాక్షి, కానీ ఎలా అడగాలో తెలియాలి. నికోలా పెర్షైడ్ లైప్జిగ్‌లో స్టూడియో పెట్టింది 1894లో, బెర్లిన్‌కు మారింది 1905లో. కాబట్టి పెర్షైడ్ పేరుతో లైప్జిగ్ చిరునామా ఉన్న అట్ట 1894 కన్నా ముందుది కాలేదు. అదే నాట్‌మన్ పేరుతో బోస్టన్ అని ఉంటే జాగ్రత్త. మాంట్రియల్‌కు చెందిన విలియం నాట్‌మన్ 1891లో మరణించాడు, ఆ పేరుతో స్టూడియోలు మాత్రం తర్వాతా నడిచాయి. యజమాని మరణ తేదీ స్టూడియో మరణ తేదీ కాదు. జర్మన్, ఆస్ట్రియన్ అట్టల వెనక ప్రదర్శనల్లో గెలిచిన పతకాల బొమ్మలు ఏడాదులతో సహా ఉంటాయి. అన్నిటికన్నా చివరి పతకపు ఏడాది చూడండి, ఫోటో అంతకన్నా పాతది కాదు.

వార్తా సంస్థ ముద్రలు ఇంకో రకం. వెనక కొట్టిన తేదీ ముద్ర ఆ ఫోటో వాడిన రోజు, తీసిన రోజు కాదు. ఆచార్యుడు మరణించినప్పుడు ఇరవై ఏళ్ల కిందటి ఫోటో బయటికి తీసి, మరణవార్త పక్కన వేసి, ఆ రోజు ముద్ర కొట్టేవారు. న్యూయార్క్ బేన్ న్యూస్ సర్వీస్ గాజు నెగటివ్‌లు ఇప్పుడు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటి శీర్షికలు సంస్థ రాసుకున్నవే, సరిచూడనివి అని ఆ గ్రంథాలయమే చెబుతుంది. 1920ల తర్వాతి శాస్త్రవేత్తల ఫోటోలకు సైన్స్ సర్వీస్ సేకరణ మరో పెద్ద గని, అది స్మిత్సోనియన్ ఆర్కైవ్స్‌లో ఉంది.

5. ఎవరీయన?

వెనక పేరు ఉంటే అది ఒక ప్రతిపాదన మాత్రమే. "ప్రొఫెసర్ జేమ్స్" ఉదాహరణే తీసుకుందాం. విలియం జేమ్స్ 1842లో పుట్టాడు. తమ్ముడు హెన్రీ, నవలాకారుడు, 1843లో. ఇద్దరికీ గడ్డాలుండేవి. హెన్రీ 1900లో గడ్డం తీసేశాడు, అంతకుముందు ఫోటోల్లో ఇద్దరూ కలగలిసిపోతారు. పైగా వాళ్ల నాన్న పేరూ హెన్రీయే, విలియం పెద్ద కొడుకు పేరూ హెన్రీయే. "హెచ్. జేమ్స్" అన్న రాత చూసి ఎవరో ఒకరి పేరు ఖాయం చేస్తే మూడింట రెండుసార్లు తప్పే.

పోల్చేటప్పుడు గడ్డం, జుట్టు, కళ్లద్దాలు పక్కనపెట్టి చెవి చూడండి. చెవి మడత, తమ్మె ముఖానికి కలిసిన తీరు, ముక్కుతో పోలిస్తే చెవి ఎత్తు, వయసుతో చెవి పొడుగెక్కినా ఈ ఆకారం నిలుస్తుంది. అంతకన్నా ముందు బొమ్మ తిరగబడలేదని తేల్చుకోండి. మగవాళ్ల కోటు ఎడమ పక్క కుడి పక్క మీదికి వస్తుంది. గుండీలు ఎదురు పక్కన ఉంటే నెగటివ్ తిరగేసి పెట్టి ముద్రించారన్నమాట, అప్పుడు మీరు ఎడమ చెవిని కుడి చెవితో పోలుస్తున్నారు.

ముఖం నునుపు చూసి వయసు కట్టకండి. ఆ కాలపు స్టూడియోల్లో నెగటివ్ మీదే పెన్సిలుతో ముడతలు పూడ్చేవారు. యాభై ఏళ్ల ప్రొఫెసరు నలభైలా కనిపించడం ఆ పెన్సిలు పని. చేతుల ఫోటో ఉంటే చేతులు చూడండి, వాటిని సాధారణంగా దిద్దేవారు కాదు.

పోల్చడానికి తేదీ గట్టిగా తెలిసిన ఫోటో కావాలి. 1909 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో, క్లార్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు ఫోటోలు అందుకు బాగా పనికొస్తాయి. ఆరుగురున్న చిత్రంలో ముందు వరుసలో చూసేవారి ఎడమ నుంచి ఫ్రాయిడ్, స్టాన్లీ హాల్, యుంగ్. వెనక బ్రిల్, జోన్స్, ఫెరెంజి. పెద్ద బృందం ఫోటోలో విలియం జేమ్స్, టిచెనర్ కూడా ఉన్నారు. జేమ్స్ కాగితాలు హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికన్ మనస్తత్వవేత్తలందరికీ మొదట తట్టాల్సిన తలుపు ఒహాయోలోని యాక్రన్ విశ్వవిద్యాలయంలో ఉన్న కమింగ్స్ కేంద్రం, అక్కడి సేకరణ 1965లో మొదలైంది.

ఇంటర్నెట్‌లో పేరుకు ముందొచ్చిన బొమ్మను ఆధారంగా తీసుకోకండి. 1860లో పుట్టిన జేమ్స్ మెకీన్ కాటెల్ పేరు వెతికితే 1905లో పుట్టిన రేమండ్ కాటెల్ బొమ్మ రావచ్చు. మహిళా ఆచార్యుల శీర్షికల్లో తప్పులు మరీ బాధ కలిగిస్తాయి. మేరీ విటన్ కాల్కిన్స్ హార్వర్డ్‌లో డాక్టరేటుకు కావాల్సినదంతా 1895 నాటికి పూర్తిచేసినా, ఆడమనిషి అన్న కారణంతో ఆ పట్టా ఇవ్వలేదు. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ మార్గరెట్ ఫ్లాయ్ వాష్‌బర్న్, 1894లో కార్నెల్ నుంచి. కాల్కిన్స్ ఫోటో కింద "హార్వర్డ్ డాక్టరేటు" అని రాయడం ఆమెకు జరిగిన అన్యాయాన్ని చెరిపేయడమే. ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతాన్ని కూడా రికార్డులో రుజువుగా రాయొద్దు. ఎవరిని వెతకాలో సూచించడం వరకే దాని పని.

మన దేశపు తొలి ఆచార్యుల ఫోటో అనుకుంటే, మనస్తత్వశాస్త్రం అన్న పేరు కోసం మాత్రమే వెతికితే దొరకదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో హార్వర్డ్‌లో చదివొచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తాతో 1916లో విభాగం మొదలైంది, మైసూరులో ఎం.వి. గోపాలస్వామితో 1924లో. అంతకుముందు, చాలాచోట్ల ఆ తర్వాతా, ఈ పాఠం తత్వశాస్త్ర శాఖలో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1912లోనే మనస్తత్వశాస్త్రం మీద పాఠ్యపుస్తకం రాశారు. కాబట్టి కాలేజీ గ్రూపు ఫోటోలు, వార్షిక సంచికలు తిరగేసేటప్పుడు "ఫిలాసఫీ అసోసియేషన్" అన్నచోట ఆగండి.

6. తేదీకి రెండు గట్లు కట్టడం

ఒక్క ఏడాది చెప్పాలని ఆరాటపడొద్దు. "ఇంతకన్నా ముందుది కాదు", "ఇంతకన్నా తర్వాతది కాదు" అని రెండు గట్లు కట్టి, ప్రతి ఆధారంతోనూ వాటిని దగ్గరికి జరపండి.

జేమ్స్ హోదాలు చూడండి. 1880లో తత్వశాస్త్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్, 1885లో ప్రొఫెసర్, 1889లో సైకాలజీ ప్రొఫెసర్, 1897లో మళ్లీ తత్వశాస్త్ర ప్రొఫెసర్, 1907లో విరమణ. అట్ట మీద, స్టూడియోవారే అచ్చువేసిన అక్షరాల్లో, "సైకాలజీ ప్రొఫెసర్" అని ఉంటే 1889–1897 అన్న గట్లు దొరికినట్టే. అదే మాట పెన్సిలుతో ఉంటే ఆ విలువ లేదు, 1950లో రాసినవాళ్లూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇప్పుడు కాగితం ఆల్బుమెన్ అయితే పై గట్టు 1895 దగ్గరికి జరుగుతుంది. అట్ట అంచులు అలలుగా ఉంటే కింది గట్టు 1890 వైపు జరుగుతుంది. మిగిలింది అయిదేళ్లు. "1890–1895 ప్రాంతం" అని ధైర్యంగా రాయొచ్చు, ఎందుకో చెప్పగలరు కనుక.

ఒక ఆధారం మిగతా వాటితో తగువు పడితే దాన్ని దాచకండి. నెగటివ్ పాతది, ప్రింటు కొత్తది కావచ్చు. అప్పుడు తీసిన తేదీ, ముద్రించిన తేదీ అని రెండు వేరు గడులు పెట్టండి.

7. స్కానింగ్

స్కానర్ మూత బరువు వంగిన అట్ట మీద పడితే విరుగుతుంది. కొంచెమైనా వంపు ఉంటే స్కానర్ మానేసి కెమెరా స్టాండు వాడండి: రెండు దీపాలు ఇరుపక్కలా 45 డిగ్రీల్లో, 60–100 మి.మీ. మాక్రో లెన్సు, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రిమోట్ లేదా టైమరుతో. వెండి మెరుపు కాంతిని తిరగ్గొడితే దీపాలకు పోలరైజింగ్ ఫిల్ములు, లెన్సుకు పోలరైజర్ పెట్టి లెన్సుది తిప్పుతూ మెరుపు చచ్చేచోట ఆపండి. మెరుపుతో ఒకటి, మెరుపు లేకుండా ఒకటి తీయండి. మొదటిది ఫోటో ఆరోగ్యానికి సాక్ష్యం, రెండోది ముఖానికి.

చదునుగా ఉన్న అట్టకు స్కానర్ చాలు. కేబినెట్ కార్డుకు 600 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), కార్ట్ డి విజిట్‌కు 1200. కేబినెట్ కార్డు 600 దగ్గర సుమారు 2,551 × 3,898 పిక్సెళ్లు వస్తుంది, ఒక్కో రంగుకు 16 బిట్లు పెడితే ఫైలు 60 ఎంబీ దాకా ఉంటుంది. నలుపు తెలుపు ఫోటో కదా అని గ్రేస్కేల్‌లో తీయడం అందరూ చేసే పొరపాటు. పసుపెక్కిన తెలుపు, ఊదా నీడ, ఇవే కాగితం రకాన్ని చెప్పే రంగులు. ఎప్పుడూ రంగుల్లోనే తీయండి.

ఆటో కరెక్షన్, షార్పెనింగ్, రంగు పునరుద్ధరణ అన్నీ ఆపేయండి. పరారుణ కాంతితో దుమ్ము తీసే సదుపాయాన్ని మరీ ముఖ్యంగా. వెండి బొమ్మలో అది వెండినే దుమ్ము అనుకుంటుంది. అట్ట చుట్టూ 10 మి.మీ. ఖాళీ వదిలి, పక్కన స్కేలు, రంగుల కార్డు పెట్టి, నాలుగు అంచులూ కనిపించేలా తీయండి. హిస్టోగ్రాంలో, అంటే వెలుగు నీడల పంపకం చూపే పటంలో, రెండు కొసలూ గోడకు ఆనకూడదు, అత్యంత తెల్లటి చోటు 240–245 దగ్గర ఉంటే చాలు. ముందు పక్క, వెనక పక్క రెండూ ఒకే పద్ధతిలో, ఏమీ రాయకపోయినా సరే వెనక పక్క కూడా.

భద్రపరిచే ప్రతి టిఫ్, కుదింపు లేకుండా. ఇతరులకు పంపడానికి దాని నుంచి జేపెగ్. ఫైలు పేరులో ఖాళీలు లేకుండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే: సేకరణ సంఖ్య, ముందు లేదా వెనక, స్కాన్ తేదీ. వ్యక్తి పేరు ఫైలు పేరులో పెట్టకండి. రేపు ఆయన జేమ్స్ కాదని తేలితే అన్ని చోట్లా పేరు మార్చాలి. ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్, అంటే ఫైలు మారలేదని తర్వాత సరిచూసుకునే సంఖ్య, తీసి పక్కన ఉంచి, మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో దాచండి.

మరకలు తీసేయడం, గీతలు పూడ్చడం చేయాలనుంటే జేపెగ్ ప్రతి మీద చేసి, "దిద్దిన ప్రతి" అని పేరులోనే పెట్టండి. కృత్రిమ మేధతో ముఖాన్ని స్పష్టం చేసే యాప్‌లను ఈ పనిలోకి రానివ్వొద్దని గట్టిగా చెబుతున్నాం. అవి మసకలో ఉన్నదాన్ని బయటికి తీయవు, లేని కనుబొమను, లేని చెవి మడతను గీస్తాయి. ఆ గీసిన చెవినే రేపు ఎవరో పోలికకు వాడతారు. రంగులద్దడం కూడా అంతే. ఆయన కోటు ఏ రంగో ఆ కాగితానికి తెలియదు.

8. రికార్డు

ఒక్కో ఫోటోకు ఈ గడులు చాలు: సంఖ్య, శీర్షిక, వ్యక్తి, గుర్తింపు ఎంత గట్టిది, తీసిన తేదీ, ముద్రించిన తేదీ, ఫోటోగ్రాఫర్, ఊరు, పద్ధతి, రెండు కొలతలు, రాతలు ఉన్నవి ఉన్నట్టు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ప్రస్తుత స్థితి. ఫోటో మీద లేని మాట మీరు చేర్చితే చదరపు కుండలీకరణంలో పెట్టడం ఆర్కైవుల ఆచారం. గుర్తింపుకు "ఖాయం, బహుశా, సందేహం" అని మూడు మెట్లు పెట్టుకుని, పక్కన కారణం ఒక వాక్యంలో రాయండి. వ్యక్తి పేరును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పేర్ల జాబితాలో ఉన్న రూపంలో రాస్తే, వేరే ఊరి సేకరణతో మీది కలుస్తుంది. తగువున్న పుట్టిన సంవత్సరాలను, ఉదాహరణకు స్టాన్లీ హాల్‌కు 1844 అనీ 1846 అనీ ఉంది, రెండూ రాయండి.

హక్కుల గడి కూడా ఖాళీగా వదలొద్దు. ఫోటో మీ చేతిలో ఉండడం వేరు, కాపీరైటు ఉండడం వేరు. అమెరికాలో ఆ కాలంలో ప్రచురితమైనదైతే గరిష్ఠంగా 95 ఏళ్లు. జర్మనీలో ఫోటోగ్రాఫర్ మరణించాక 70 ఏళ్లు. పెర్షైడ్ 1930లో మరణించాడు, ఆయన తీసినవి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ప్రచురితం కానివాటి లెక్క వేరు, ఎప్పుడు ఎక్కడ తొలిసారి అచ్చయిందో ముందు తేల్చుకోండి.

9. మన వాతావరణంలో దాచడం

ఫోటోకు 30–50 శాతం తేమ, 20 డిగ్రీల లోపు చల్లదనం కావాలని ప్రమాణాలు చెబుతాయి. విశాఖలోనో కాకినాడలోనో ఇంటి బీరువాలో అది కుదరదు. కుదిరేది ఇది. ఒక్కో ఫోటోకు ఆమ్లం లేని కాగితంతో నాలుగు రెక్కల తొడుగు, ఆ కాగితం ఫోటో యాక్టివిటీ పరీక్ష (ఫోటోకు హాని చేయదని తేల్చే పరీక్ష) నెగ్గినదై ఉండాలి. తొడుగు మీద వివరాలు ఫోటో లోపల పెట్టకముందే పెన్సిలుతో రాయండి, పెట్టాక రాస్తే ఆ ఒత్తిడి ముఖం మీద గీతగా పడుతుంది. పొర గట్టిగా ఉన్న ఫోటోకు పాలిస్టర్ తొడుగు కూడా మంచిదే. పెచ్చులూడుతున్నదానికి వద్దు, ప్లాస్టిక్ స్థిర విద్యుత్తు పెచ్చులను లాగేస్తుంది. పీవీసీ ఆల్బంలు, జిగురు పేజీలు, సెల్లోటేపు ఎప్పుడూ వద్దు.

తొడుగులను గట్టి పెట్టెలో, పెట్టెను రబ్బరు అంచున్న గాలి చొరని పాలీప్రొపిలీన్ డబ్బాలో ఉంచండి. పది లీటర్ల డబ్బాకు 100 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్‌తో మొదలుపెట్టి, తేమ చూపే కార్డు లోపల పెట్టండి. 50 దాటితే జెల్‌ను 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, చల్లారాక తిరిగి పెట్టండి. 30 కన్నా కిందికి పోతే కొంత జెల్ తీసేయండి, తెల్లసొన పొర మరీ ఎండితే చుట్టుకుపోయి పగులుతుంది. జెల్ ఫోటోను తాకకూడదు. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు ఖాయం, జెలటిన్ దానికి విందు భోజనం. డబ్బాలో నాఫ్తలీన్ ఉండలు వద్దు, వాటి ఆవిరి మళ్లీ గడ్డకట్టి ఫోటో మీదే కూర్చుంటుంది. వేపాకూ వద్దు, పచ్చి ఆకు తేమను లోపలికి తెస్తుంది.

డబ్బా బయటి గోడకు ఆనకుండా, నేల నుంచి కనీసం అడుగు ఎత్తున, వంటిల్లు, బాత్రూము గోడలకు దూరంగా. వర్షాకాలం ముందొకసారి, తర్వాతొకసారి తెరిచి కార్డు చూడండి, చెదలు, సిల్వర్ ఫిష్ జాడ ఉందేమో చూడండి.

అలా తెరిచినప్పుడు రికార్డు కూడా తీయండి. కొత్త ఆధారం దొరికి పేరో తేదీయో మారాల్సి వస్తే పాత పంక్తిని చెరపకుండా, కింద కొత్త పంక్తి రాసి, ఏ ఆధారంతో మార్చారో, ఏ రోజు మార్చారో చేర్చండి. ఇరవై ఏళ్ల కిందట ఎవరో "హెన్రీ" అని ఎందుకు అనుకున్నారో తెలిస్తేనే, ఇప్పుడు "విలియం" అని అనేవారు అదే చెవిని మరోసారి సరిగ్గా చూస్తారు.